స్పెర్మిడిన్: మెగ్నీషియం ఉండగా కణానికి ఇదెందుకు?

సుమతి_ఎంఎస్సీ

అందరికీ నమస్కారం. సెమినార్‌కి పాలీఅమైన్లు, అంటే ధనావేశం పట్టుకునే నైట్రోజన్లున్న చిన్న అణువులు (పుట్రెసిన్, స్పెర్మిడిన్, స్పెర్మిన్), తీసుకున్నాను. తయారయ్యే దారి వరకు వచ్చేసింది. ఆర్నిథిన్ డీకార్బాక్సిలేజ్, అంటే అందరూ ఓడీసీ అనే ఎంజైమ్, ఆర్నిథిన్ నుంచి కార్బన్ డయాక్సైడ్ తీసేస్తే పుట్రెసిన్ వస్తుంది. దానికి ఒక అమినోప్రొపైల్ ముక్క తగిలిస్తే స్పెర్మిడిన్, ఇంకోటి తగిలిస్తే స్పెర్మిన్. ఆ ముక్కలు ఎస్-అడినోసిల్ మెథియొనిన్ నుంచి వస్తాయి.

చిక్కంతా దీని తర్వాతే. ఏ పుస్తకం తీసినా డీఎన్ఏని స్థిరంగా ఉంచుతాయి, ఆర్ఎన్ఏకి అతుక్కుంటాయి, కణవిభజనకి కావాలి, ఆటోఫజీని (కణం తనలోని పాడైన భాగాలను తానే జీర్ణం చేసుకోవడాన్ని) పెంచుతాయి అని వరసపెట్టి రాసేశారు. ధనావేశం ఉండటమే వీటి గొప్ప అయితే కణంలో మెగ్నీషియం, పొటాషియం కావలసినంత ఉన్నాయి కదా? అంత శక్తి ఖర్చు పెట్టి ఈ మూడింటినీ తయారుచేసుకోవడం దేనికి? మా మేడమ్ మొదటి ప్రశ్న ఇదే అడుగుతారు. కొంచెం టెన్షన్‌గా ఉంది.

భాస్కర_బయోఫిజిక్స్

సుమతి గారూ, ఆవేశం ఎంత అన్నదాని కంటే అది ఎలా పరుచుకుని ఉంది అన్నది ముఖ్యం. మెగ్నీషియంలో +2 మొత్తం ఒకే చోట ఉంటుంది, చుట్టూ నీటి అణువులు గట్టిగా పట్టుకుని ఉంటాయి. స్పెర్మిడిన్‌లో మూడు నైట్రోజన్లు. కణం పీహెచ్ దగ్గర మూడూ ప్రోటాన్ పట్టుకునే ఉంటాయి కాబట్టి దాదాపు +3. స్పెర్మిన్‌కి నాలుగు నైట్రోజన్లు, దాదాపు +4. ఈ ఆవేశాలు ఎటైనా వంగే ఒక గొలుసు పొడవునా ఉంటాయి. స్పెర్మిడిన్‌లో మధ్య నైట్రోజన్‌కి ఒక పక్క మూడు కార్బన్లు, ఇంకో పక్క నాలుగు. అందుకే ఆర్ఎన్ఏ మడతల్లో మెగ్నీషియం పట్టని చోట ఇది ఒదిగిపోతుంది.

సెమినార్‌లో చూపించడానికి ఒక మంచి ప్రయోగం చెబుతాను. 1976లో గోసులే, షెల్మన్ ఫేజ్ (బ్యాక్టీరియాకి సోకే వైరస్) డీఎన్ఏతో చేశారు. ఉప్పు తక్కువగా ఉన్న ద్రావణంలో పొడవాటి డీఎన్ఏ తీసుకుని స్పెర్మిడిన్ కలిపితే ఆ దారం తనమీద తానే చుట్టుకుపోయి, మధ్యలో రంధ్రమున్న చిన్న చుట్టగా మారిపోతుంది. పుట్రెసిన్‌తో గానీ, మెగ్నీషియంతో గానీ ఉత్త నీటిలో ఇది జరగదు. డీఎన్ఏ మీదున్న రుణావేశంలో దాదాపు 90 శాతం తటస్థమైతే తప్ప అది అలా ముడుచుకోదు. +2 అయాన్లు అక్కడిదాకా లాక్కెళ్లలేవు. +3 లాక్కెళ్తుంది. ఒక్క నైట్రోజన్ తేడాతో ఇంత మార్పు రావడం నాకు ఇప్పటికీ అద్భుతంగానే అనిపిస్తుంది.

అయితే ఇది పరీక్షనాళికలో సంగతి. కణం లోపల స్పెర్మిడిన్‌లో ఎక్కువ భాగం ఆర్ఎన్ఏకే అతుక్కుని ఉంటుంది. మొత్తం గాఢత మిల్లీమోలార్ స్థాయిలో ఉన్నా, స్వేచ్ఛగా తిరిగేది అందులో కొంచెమే.

కణశాల

భాస్కర్ గారు చెప్పినదాంతో నాకు పేచీ లేదు. కానీ మేడమ్ అడగబోయే ప్రశ్నకి అది సగం జవాబే. ఆవేశం పనులన్నీ ఒకదాని బదులు ఇంకొకటి కొంతవరకు చేయగలవు. పుట్రెసిన్, స్పెర్మిన్, మెగ్నీషియం సర్దుకుపోతాయి. ఇంకెవరూ చేయలేని పని స్పెర్మిడిన్‌కి ఒకటుంది. అదే హైప్యుసిన్.

కణంలో ఈఐఎఫ్5ఏ అనే ప్రొటీన్ ఉంది. మనిషిలో దాని 50వ స్థానంలో ఉన్న లైసిన్ అనే అమినో ఆమ్లం మీద డీఆక్సీహైప్యుసిన్ సింథేజ్ అనే ఎంజైమ్ పని చేస్తుంది. స్పెర్మిడిన్‌లో నాలుగు కార్బన్లున్న పక్కను కత్తిరించి ఆ లైసిన్‌కి అంటిస్తుంది. మూడు కార్బన్ల పక్క డయామినోప్రొపేన్‌గా విడిపోతుంది. ఆపైన ఇంకో ఎంజైమ్ ఒక హైడ్రాక్సిల్ చేరుస్తుంది, దానికి ఇనుము కావాలి. అలా తయారైన కొత్త అమినో ఆమ్లమే హైప్యుసిన్. 1971లో జపాన్ పరిశోధకులు ఎద్దు మెదడు నుంచి దీన్ని వేరు చేశారు. మన కణాల్లో ఇన్ని వేల ప్రొటీన్లున్నా ఈ మార్పు జరిగేది ఈఐఎఫ్5ఏ ఒక్కదాని మీదే. ఈఐఎఫ్5ఏ2 అని దానికి దగ్గరి రూపం ఇంకోటుంది, దాన్నీ కలుపుకోండి.

దాని పనేమిటంటే, రైబోజోమ్ ప్రొటీన్ అల్లుతూ వరసగా ప్రోలిన్ అనే అమినో ఆమ్లాలు వచ్చిన చోట ఆగిపోతుంది. ప్రోలిన్ ఆకారం వల్ల పెప్టైడ్ బంధం ఏర్పడటం కష్టం. అప్పుడు ఈఐఎఫ్5ఏ రైబోజోమ్ ఈ-సైట్‌లో (పని అయిపోయిన టీఆర్ఎన్ఏ బయటికి వెళ్లే చోట) కూర్చుని, ఆ పొడుగాటి హైప్యుసిన్ కొనను టీఆర్ఎన్ఏ వైపు చాచి, బంధం ఏర్పడే భంగిమలో దాన్ని నిలబెడుతుంది. బ్యాక్టీరియాలో ఇదే పని ఈఎఫ్-పీ అనే ప్రొటీన్ చేస్తుంది. దాని మీదా మార్పు ఉంటుంది గానీ స్పెర్మిడిన్‌తో కాదు.

అమెరికా జాతీయ ఆరోగ్య పరిశోధన సంస్థ ఎన్ఐహెచ్‌లో హెర్బర్ట్ టేబర్, సీలియా టేబర్ దంపతులు జీవితమంతా పాలీఅమైన్ల మీదే పని చేశారు. పాలీఅమైన్లు అసలు తయారుచేసుకోలేని ఈ.కోలై బ్యాక్టీరియా రకాలను తయారుచేస్తే, అవి నెమ్మదిగానైనా పెరిగాయి. ఈస్ట్ మాత్రం పెరగలేదు, దానికి స్పెర్మిడిన్ తప్పనిసరి. 2008లో వాళ్ల బృందమే ఇంకో సంగతి చూపించింది. ఈస్ట్‌కి బయటినుంచి అతి కొద్దిగా స్పెర్మిడిన్ ఇచ్చి పెంచారు. కణంలో మామూలుగా ఉండేదాంట్లో 0.2 శాతం కూడా లేదు. ఆ ఉన్న కాస్తలో సగానికి పైగా హైప్యుసిన్‌లోకే వెళ్లింది. కణం మిగతా ఖర్చులన్నీ మానుకుని దీన్ని నిలబెట్టుకుందన్నమాట. మేడమ్ అడిగితే ముందు ఈ ప్రయోగం చెప్పండి.

సుమతి_ఎంఎస్సీ

సార్, చాలా థాంక్స్! కానీ ఇంకో అనుమానం. 0.2 శాతంతోనే బతకగలిగితే మిగతా 99.8 శాతం దేనికి? స్పెర్మిన్ పాత్రేమిటి? ఈస్ట్‌లో స్పెర్మిన్ లేకపోయినా పర్వాలేదని చదివాను.

కణశాల

ల్యాబ్ ఫ్లాస్క్‌లో, మంచి మీడియంలో బతకడం వేరు, శరీరంలో బతకడం వేరు. ఈస్ట్‌కి స్పెర్మిన్ లేకపోయినా జరుగుతుందేమో, మనిషికి జరగదు. స్పెర్మిన్ సింథేజ్ జన్యువు ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంది. అది దెబ్బతింటే స్నైడర్-రాబిన్సన్ సిండ్రోమ్ వస్తుంది. ఎక్కువగా మగపిల్లల్లో కనిపిస్తుంది: బుద్ధి ఎదుగుదల మందగించడం, ఎముకలు పెళుసుబారడం, కండరాల పట్టు తక్కువ కావడం, కొందరికి ఫిట్స్. ఈ పిల్లల్లో స్పెర్మిడిన్ తక్కువ కాదు, పైగా పేరుకుపోతుంది. హైప్యుసిన్‌కి లోటు లేదు. అయినా ఇంత నష్టం.

భాస్కర_బయోఫిజిక్స్

స్పెర్మిన్ అనగానే అయాన్ చానెళ్లు చెప్పాలి. గుండె కండరంలో, నరాల్లో లోపలికి పొటాషియంని సులువుగా రానిచ్చి, బయటికి పోనివ్వని చానెళ్లున్నాయి. ఆ ఒకవైపు స్వభావం ఎక్కడినుంచి వస్తుందో చాలాకాలం అంతుపట్టలేదు. చానెల్ ఉన్న పొర ముక్కను కణం నుంచి ఊడదీసి చూస్తుంటే కాసేపటికి ఆ గుణం పోయేది. అంటే దానికి కారణమైనదేదో కణం లోపలి ద్రవంలో ఉందన్నమాట. 1994లో లోపాటిన్, నికోల్స్ బృందం అది పాలీఅమైన్లేనని తేల్చింది. వోల్టేజ్ పెరిగినప్పుడు లోపలున్న స్పెర్మిన్ సన్నటి ఆ రంధ్రంలోకి దూరి, సీసాకి బిరడా బిగించినట్టు మూసేస్తుంది. మెదడులో కొన్ని గ్లుటమేట్ గ్రాహకాలను కూడా లోపలినుంచి ఇలాగే అడ్డుకుంటుంది. పొడవు, ఆవేశం రెండూ సరిపోవాలి కాబట్టి ఈ పనిలో పుట్రెసిన్ బాగా బలహీనం.

ఆకుపచ్చ

మొక్కల గురించి ఎవరూ ఎత్తలేదు కాబట్టి నేను ఎత్తుతాను. 1952లో రిచర్డ్స్, కోల్మన్ పొటాషియం అందని బార్లీ మొక్కల్లో పుట్రెసిన్ పేరుకుపోవడం గమనించారు. సుమతి గారి మొదటి ప్రశ్నకి ఇది నేరుగా సంబంధించినదే. పొటాషియం కరువైనప్పుడు ధనావేశం లోటు పూడ్చడానికి మొక్క పుట్రెసిన్‌ని పెంచుతుంది.

మొక్కల్లో ఇంకో దారి కూడా ఉంది. ఆర్జినిన్ డీకార్బాక్సిలేజ్ ఆర్జినిన్‌ని ఆగ్మటీన్ చేస్తుంది, అది రెండు మెట్లలో పుట్రెసిన్ అవుతుంది. పరిశోధనల్లో ఎక్కువగా వాడే చిన్న మొక్క అరబిడాప్సిస్‌కి అసలు ఓడీసీ జన్యువే లేదు, మొత్తం ఈ దారి మీదే ఆధారం. స్పెర్మిన్‌లో ఉన్నన్ని పరమాణువులే ఉండి, కార్బన్ల వరస మాత్రమే మారిన థర్మోస్పెర్మిన్ అనే అణువు మొక్కల్లో ఉంది. అది లేకపోతే అరబిడాప్సిస్ కాండం పొడవు పెరగదు, నీటినాళాలు అదుపు తప్పి పెరుగుతాయి. స్పెర్మిన్‌లో మూడు, నాలుగు, మూడు. థర్మోస్పెర్మిన్‌లో మూడు, మూడు, నాలుగు. ఆవేశం ఒకటే, బరువు ఒకటే, పని వేరు. ఆవేశం ఒక్కటే చాలదనడానికి ఇంతకంటే ఏం కావాలి?

దీన్ని మొదట కనుగొన్నది వేడినీటి ఊటల్లో ఉండే థెర్మస్ థెర్మోఫిలస్ బ్యాక్టీరియాలో. 70 డిగ్రీలు దాటిన వేడిలో బతికే ఆ జీవిలో ఇంకా పొడవైనవి, కొమ్మలున్నవి కూడా ఉన్నాయి. అంత వేడిలో ఆర్ఎన్ఏ విడిపోకుండా కాపాడేవి అవే.

మధు_కల్చర్

టాపిక్ మధ్యలో దూరుతున్నందుకు ఏమీ అనుకోకండి, నాకు అర్జెంట్. నేను ఫైబ్రోబ్లాస్ట్ (చర్మం లాంటి చోట్ల ఉండే సంధాయక కణజాలపు) కణాలకి స్పెర్మిడిన్ ఇచ్చి ఆటోఫజీ చూస్తున్నాను. పేపర్లలో 100 మైక్రోమోలార్ వరకు వాడారు. నా దగ్గర ఆ మోతాదులో మర్నాటికల్లా కణాలు గుండ్రంగా అయిపోయి ప్లేట్ నుంచి ఊడిపోతున్నాయి. ఆటోఫజీకి గుర్తుగా చూసే ప్రొటీన్ ఎల్‌సీ3-2 బ్యాండ్ మాత్రం బాగా పెరుగుతోంది. గైడ్ గారేమో ఆటోఫజీ ఎక్కువై చనిపోతున్నాయంటున్నారు. అలా అవుతుందా? మామూలు మీడియం, 10 శాతం ఎఫ్‌బీఎస్ (ఆవు పిండం రక్తం నుంచి తీసిన సీరమ్).

కణశాల

మధు గారూ, ఆ చివరి మాటలోనే జవాబుంది. ఎఫ్‌బీఎస్.

ఆవు జాతి సీరమ్‌లో రాగి ఉన్న ఒక అమీన్ ఆక్సిడేజ్ ఉంటుంది. మీరు వేసిన స్పెర్మిడిన్ కణం లోపలికి వెళ్లేలోగానే మీడియంలోనే ఆ ఎంజైమ్ దాన్ని ఆక్సీకరిస్తుంది. వచ్చేవి ఒక అమినోఆల్డిహైడ్, హైడ్రోజన్ పెరాక్సైడ్, అమోనియా. ఆ ఆల్డిహైడ్ దానంతటదే విరిగి ఆక్రోలిన్ విడుదల చేస్తుంది. ఆక్రోలిన్ అంటే కణానికి విషం, దొరికిన ప్రతి ప్రొటీన్‌కీ అంటుకుంటుంది. మీ కణాలు చూస్తున్నది స్పెర్మిడిన్‌ని కాదు, ఆక్రోలిన్‌ని, పెరాక్సైడ్‌ని. అంత ఒత్తిడిలో ఎల్‌సీ3-2 పెరగకుండా ఎలా ఉంటుంది?

దీన్ని తేల్చడం సులువు, అమినోగ్వానిడిన్ ఆ ఎంజైమ్‌ని ఆపుతుంది. ప్లేట్‌లో నాలుగు రకాల బావులు (వెల్స్) పెట్టండి: ఏమీ వేయనివి, స్పెర్మిడిన్ ఒక్కటే వేసినవి, ఒక మిల్లీమోలార్ అమినోగ్వానిడిన్ ఒక్కటే వేసినవి, రెండూ వేసినవి. అమినోగ్వానిడిన్ ముందు వేయండి, కాసేపాగి స్పెర్మిడిన్ వేయండి. రెండూ ఉన్న బావుల్లో కణాలు హాయిగా అతుక్కుని ఉంటే మీ సమస్య సీరమ్‌దే. ఒక జాగ్రత్త ఏమిటంటే, అమినోగ్వానిడిన్ నైట్రిక్ ఆక్సైడ్ తయారుచేసే ఐనాస్ ఎంజైమ్‌ని కూడా ఆపుతుంది. ఫైబ్రోబ్లాస్ట్‌లకి అంత ఇబ్బంది లేదు గానీ, రేపు మాక్రోఫేజ్‌లతో చేస్తే ఫలితం తారుమారవుతుంది. అప్పుడు సీరమ్ లేని మీడియానికి మారడమే మేలు. మనుషుల సీరమ్‌లో ఈ ఎంజైమ్ పని చాలా తక్కువ.

ఇంకో రెండు విషయాలు. మీ దగ్గరున్నది ట్రైహైడ్రోక్లోరైడ్ లవణమా, ఫ్రీ బేస్ ద్రవమా? ఫ్రీ బేస్ అయితే గట్టి క్షారం, సరిచేయకుండా వేస్తే మీడియం పీహెచ్ మారిపోతుంది. మీడియంలో పీహెచ్ చూపించే రంగు ఫినాల్ రెడ్ గులాబీకి తిరిగితే అదే గుర్తు. రెండోది, ఎల్‌సీ3-2 ఒక్కటే చూసి ఆటోఫజీ పెరిగిందనకండి. లైసోజోమ్‌లని (కణంలో చెత్తను జీర్ణం చేసే సంచులని) ఆపే బఫిలోమైసిన్ ఉన్నప్పుడు, లేనప్పుడు రెండూ కలిపి చూస్తేనే ప్రవాహం తెలుస్తుంది. లైసోజోమ్‌లు పని మానేసినా ఆ బ్యాండ్ పెరుగుతుంది.

మధు_కల్చర్

ఫ్రీ బేసే సార్. రంగు కూడా మారింది. రేపే పెడతాను, చాలా థాంక్స్.

నీలిమ

నమస్కారమండీ. నేను సైన్స్ చదివినదాన్ని కాదు, గూగుల్‌లో వెతుకుతుంటే ఈ చర్చ కనిపించింది. మా నాన్నగారికి ఈమధ్య మతిమరుపు ఎక్కువైంది. స్పెర్మిడిన్ మాత్రలు వాడితే కణాలు శుభ్రపడతాయి, జ్ఞాపకశక్తి పెరుగుతుంది అని వీడియోల్లో చెబుతున్నారు. ఇక్కడ పెద్దవాళ్లున్నారు కాబట్టి అడుగుతున్నాను. తెప్పించమంటారా?

డాక్టర్_వి

నీలిమ గారూ, ముందు నాన్నగారిని వైద్యుడికి చూపించండి. థైరాయిడ్ లోపం, బి12 తక్కువ కావడం, నిద్ర సరిగా లేకపోవడం, డిప్రెషన్, కొన్ని మందుల ప్రభావం, వీటివల్ల వచ్చే మతిమరుపును సరిచేయవచ్చు. మాత్రలు తెప్పించి ఎదురుచూస్తే ఆ సమయం పోతుంది. అన్నిటికంటే ముఖ్యం ఇదే.

ఇక స్పెర్మిడిన్ సంగతి. 2009లో ఆస్ట్రియాలోని గ్రాజ్ నుంచి ఫ్రాంక్ మడేయో బృందం ఈస్ట్, ఈగలు, పురుగుల్లో స్పెర్మిడిన్ ఆయుష్షు పెంచుతుందని, అందుకు ఆటోఫజీ కారణమని చూపించింది. 2016లో ఎలుకల్లో కూడా ఆయుష్షు, గుండె పనితీరు మెరుగుపడ్డాయని వచ్చింది. 2018లో ఇటలీలోని బ్రునెక్ పట్టణంలో 829 మందిని 20 ఏళ్లపాటు గమనించిన అధ్యయనం ఫలితాలొచ్చాయి. ఆహారంలో స్పెర్మిడిన్ ఎక్కువ తీసుకున్నవాళ్లలో మరణాలు తక్కువ. మీరు చూసిన వీడియోలకి మూలం ఇవే. బ్రునెక్ అధ్యయనం పరిశీలన మాత్రమే. కూరగాయలు, చిక్కుళ్లు, పొట్టుతీయని ధాన్యాలు బాగా తినేవాళ్లకి స్పెర్మిడిన్ దానంతటదే ఎక్కువగా అందుతుంది. మేలు దేనివల్లో విడదీయడం కష్టం.

మీ ప్రశ్నకి నేరుగా సరిపోయే ప్రయోగం బెర్లిన్‌లో చేశారు. జ్ఞాపకశక్తి తగ్గుతోందని తమకే అనిపిస్తున్న 100 మంది పెద్దవాళ్లను రెండు గుంపులు చేసి, ఒక గుంపుకి గోధుమ జెర్మ్ సారంతో రోజుకి 0.9 మిల్లీగ్రాముల స్పెర్మిడిన్, ఇంకో గుంపుకి ఉత్తుత్తి మాత్రలు 12 నెలలు ఇచ్చారు. 2022లో ఫలితం వచ్చింది. జ్ఞాపకశక్తి పరీక్షలో రెండు గుంపులకీ తేడా లేదు. అందుకని నాన్నగారి మతిమరుపుకి ఇది మందు అని నేను చెప్పను.

మధు_కల్చర్

డాక్టర్ గారూ, 0.9 మిల్లీగ్రాములు చాలా తక్కువ మోతాదు కదా. ఆహారంలోనే రోజుకి అంతకంటే ఎక్కువ అందుతుంది. మోతాదు పెంచితే ఫలితం కనిపించేదేమో. ఒక్క ట్రయల్‌తో కొట్టిపారేస్తే ఎలా?

డాక్టర్_వి

కొట్టిపారేయడం లేదు. మోతాదు మీద మీ అభ్యంతరం సరైనదే, ఆ ట్రయల్ గురించి చాలామంది అన్నదీ అదే. కానీ పెంచితే ఏమవుతుందో కూడా చూశారు. ఆరోగ్యంగా ఉన్నవాళ్లకి రోజుకి 15 మిల్లీగ్రాములిచ్చి రక్తం, లాలాజలం పరీక్షించారు. 2023లో ప్రచురించారు. ప్లాస్మాలో స్పెర్మిడిన్ పెరగలేదు. పెరిగింది స్పెర్మిన్. అంటే మింగిన స్పెర్మిడిన్ రక్తంలోకి స్పెర్మిడిన్‌గా చేరేలోగానే మారిపోతోంది. పేగుల్లోని బ్యాక్టీరియా కూడా పాలీఅమైన్లు తయారుచేస్తుంది, వాడుకుంటుంది. మాత్ర మీద రాసిన అంకె కణం దగ్గరికి అలాగే చేరుతుందనుకోవడం కుదరదు.

కణశాల

ఇది ఎందుకలా అవుతుందో చెప్పాలి. నా దృష్టిలో ఈ రంగం మొత్తంలో అతి అందమైన భాగం ఇదే. సుమతి గారూ, సెమినార్‌లో సగం సమయం దీనికే ఇవ్వండి.

మన కణాల్లో ఓడీసీ ఎంజైమ్ అర్ధాయువు నిమిషాల్లోనే లెక్క, చాలా కణాల్లో అరగంట కూడా ఉండదు. దాన్ని చంపేది యాంటీజైమ్ అనే ప్రొటీన్. ఆ యాంటీజైమ్ ఎంఆర్ఎన్ఏని చదువుతూ రైబోజోమ్ మధ్యలో ఒక స్టాప్ కోడాన్ (ఇక్కడితో ఆపు అనే గుర్తు) దగ్గరికి వస్తుంది. పాలీఅమైన్లు తక్కువగా ఉంటే అక్కడే ఆగిపోతుంది, పనికిరాని చిన్న ముక్క మిగులుతుంది. పాలీఅమైన్లు ఎక్కువగా ఉంటే రైబోజోమ్ ఒక అక్షరం ముందుకి జారి, చదివే వరసే మారిపోయి, స్టాప్‌ని దాటుకుని పూర్తి యాంటీజైమ్ తయారుచేస్తుంది. కొలిచే పని, చర్య తీసుకునే పని రెండూ ఆ రైబోజోమ్ దగ్గరే జరిగిపోతాయి.

ఓడీసీ జంటగానే పని చేస్తుంది. యాంటీజైమ్ వెళ్లి ఆ జంటను విడదీసి ఒకదాన్ని పట్టుకుంటుంది, ప్రొటీన్లని ముక్కలుచేసే ప్రొటియజోమ్‌కి అప్పజెబుతుంది. మామూలుగా ప్రొటియజోమ్‌లోకి వెళ్లాలంటే యుబిక్విటిన్ అనే గుర్తు తగిలించాలి. దీనికి అదీ అక్కర్లేదు. అంతటితో ఆగకుండా బయటినుంచి పాలీఅమైన్లు లోపలికి రావడాన్ని కూడా యాంటీజైమ్ తగ్గిస్తుంది. ఇంకోవైపు ఎస్ఎస్ఏటీ అనే ఎంజైమ్ పెరిగి, ఉన్న స్పెర్మిడిన్, స్పెర్మిన్‌లకి ఎసిటైల్ తగిలించి బయటికి పంపేస్తుంది, లేదా వెనక్కి పుట్రెసిన్ వైపు మళ్లిస్తుంది. తయారీ, దిగుమతి, ఎగుమతి మూడూ ఒకేసారి సర్దుకుంటాయి. ఇంత కాపలా ఉన్న అణువుని నోటి ద్వారా ఇచ్చి పెంచడం అంత తేలిక కాదు.

కాపలా తప్పితే ఏమవుతుందో కూడా తెలుసు. ఓడీసీ చివరి భాగం తెగిపోయే మ్యుటేషన్ ఉన్న పిల్లల్లో ఎంజైమ్ త్వరగా నాశనం కాదు, పుట్రెసిన్ పేరుకుపోతుంది. దాన్ని బాక్మన్-బప్ సిండ్రోమ్ అంటారు, 2018లో మొదట వివరించారు. ఎదుగుదల ఆలస్యం, తలవెంట్రుకలు రాలిపోవడం. ఓడీసీని ఆపే ఎఫ్లోర్నిథిన్ ఇచ్చినప్పుడు వెంట్రుకలు తిరిగి వచ్చాయి.

సుమతి_ఎంఎస్సీ

ఎఫ్లోర్నిథిన్ అంటే డీఎఫ్‌ఎంఓ కదా? అది నిద్రజబ్బుకి మందు అని చదివాను. ఓడీసీ మనిషిలోనూ ఉంది, పరాన్నజీవిలోనూ ఉంది. మరి మనిషికి ఏమీ కాకుండా అది మాత్రమే ఎలా చస్తుంది?

డాక్టర్_వి

కణశాల గారు ఇప్పుడే చెప్పిన అర్ధాయువులోనే జవాబుంది. డీఎఫ్‌ఎంఓ ఓడీసీకి శాశ్వతంగా అతుక్కుని దాన్ని పనికిరాకుండా చేస్తుంది. మన కణాలు నిమిషాల్లో కొత్త ఓడీసీ తయారుచేసుకుంటాయి. నిద్రజబ్బు కలిగించే ట్రిపనోసోమా బ్రూసై గాంబియెన్స్‌లో ఓడీసీ చాలా నెమ్మదిగా మారుతుంది కాబట్టి దెబ్బతిన్నది దెబ్బతిన్నట్టే ఉండిపోతుంది. పైగా ఆ జీవి, మన కణాలను ఆక్సీకరణ నుంచి కాపాడే గ్లుటథయోన్‌తో సరిపెట్టుకోదు. రెండు గ్లుటథయోన్లని ఒక స్పెర్మిడిన్‌తో కలిపి ట్రిపనోథయోన్ తయారుచేసుకుని ఆక్సీకరణ నుంచి కాపాడుకుంటుంది. స్పెర్మిడిన్ ఆగితే ఆ రక్షణ కూడా పోతుంది.

ఈ మందుకి 1990లో అమెరికా ఎఫ్‌డీఏ అనుమతి వచ్చింది. కోమాలో ఉన్న రోగులు కూడా లేచి కూర్చునేవారని దానికి పునర్జన్మ మందు అని పేరొచ్చింది. కానీ రోజుకి నాలుగుసార్లు చొప్పున 14 రోజులు సిర ద్వారా ఎక్కించాలి, అంటే 56 సార్లు. మారుమూల ఆరోగ్య కేంద్రాల్లో అదెంత కష్టమో ఊహించండి. తర్వాత నిఫుర్టిమాక్స్ మాత్రలతో కలిపి 14 ఎక్కింపులకి తగ్గించారు. ఒక దశలో లాభం లేదని తయారీ ఆగిపోయింది. అదే మందు ముఖం మీద అవాంఛిత రోమాలకి క్రీమ్‌గా 2000లో అనుమతి పొందింది. 2001లో కంపెనీకి, ప్రపంచ ఆరోగ్య సంస్థకి మధ్య ఒప్పందం కుదిరాకే నిద్రజబ్బు రోగులకి సరఫరా నిలబడింది. ప్రాణం కాపాడే మందు అంతవరకూ ఆగాల్సి రావడం నన్నిప్పటికీ బాధిస్తుంది.

2023 డిసెంబరులో ఇదే మందుకి పిల్లల్లో వచ్చే ప్రమాదకరమైన నరాల కణితి న్యూరోబ్లాస్టోమా తిరగబెట్టకుండా వాడేందుకు ఎఫ్‌డీఏ అనుమతి ఇచ్చింది. కణితుల్లో అదుపు తప్పే మిక్ జన్యువులు ఓడీసీని నేరుగా పెంచుతాయి, ఆ కణితులకి పాలీఅమైన్లు లేనిదే గడవదు.

నీలిమ

డాక్టర్ గారూ, చాలా కృతజ్ఞతలు. వైద్యుడి దగ్గరికే తీసుకెళ్తాను. కానీ చివర్లో మీరు రాసింది చూసి భయమేసింది. కణితులకి పాలీఅమైన్లు కావాలంటే స్పెర్మిడిన్ ఎక్కువ ఉన్న ఆహారం తింటే క్యాన్సర్ వస్తుందా?

డాక్టర్_వి

భయపడకండి. మామూలు ఆహారంలోని స్పెర్మిడిన్‌తో క్యాన్సర్ వస్తుందని చూపించినవాళ్లు లేరు, బ్రునెక్‌లో స్పెర్మిడిన్ ఎక్కువ తీసుకున్నవాళ్లలో మరణాలే తక్కువ. క్యాన్సర్ చికిత్సలో ఉన్నవాళ్లు మాత్రం ఇలాంటి మాత్రలు సొంతంగా వేసుకోకూడదు, వాళ్ల డాక్టర్‌ని అడగాలి.

కణశాల

కణితికి పాలీఅమైన్లు కావాలి, ఆహారంలోని స్పెర్మిడిన్‌కి భయపడనక్కర్లేదు. ఈ రెండూ నిజం కావడంలో వైరుధ్యం లేదు. కణితి కణం తనకి తాను తయారుచేసుకుంటుంది, దాని ఓడీసీయే అదుపు తప్పి ఉంటుంది. ఇంకోవైపు, వయసు మళ్లిన ఎలుకల టీ-కణాల్లో (రోగనిరోధక కణాల్లో) స్పెర్మిడిన్ తగ్గిపోతే, దాన్ని అందించినప్పుడు కణితి మీద రోగనిరోధక చికిత్స బాగా పని చేసిందని 2022లో జపాన్ బృందం చూపించింది. అదే అణువు ఒక కణానికి ఎదుగుదల, పక్క కణానికి పోరాటశక్తి. ఏ కణంలో, ఎప్పుడు, ఎంత అన్నది వదిలేసి స్పెర్మిడిన్ మంచిదా చెడ్డదా అని అడిగితే జవాబు దొరకదు.

2024లో మడేయో బృందం ఇంకో మంచి పని చేసింది. ఉపవాసం ఉన్నప్పుడు ఈస్ట్, ఈగలు, ఎలుకలు, మనుషుల్లో స్పెర్మిడిన్ పెరుగుతుందని, దాని తయారీని అడ్డుకున్న జీవుల్లో ఉపవాసం వల్ల వచ్చే ఆయుష్షు లాభం తగ్గిపోతుందని చూపించారు. దారి మళ్లీ హైప్యుసిన్ గుండానే వెళ్లింది. శరీరం తనంతట తాను పెంచుకున్నప్పుడు జరిగేదాన్ని మాత్రతో రాబట్టగలమా అన్నదే ఇప్పుడు అసలు ప్రశ్న. నాకు ఆశ ఉంది, కానీ మనుషుల్లో ఫలితం చూశాకే నమ్ముతాను.

సుమతి_ఎంఎస్సీ

స్లైడ్ల వరస మార్చేశాను. ముందు ఈస్ట్ ప్రయోగం, తర్వాత యాంటీజైమ్, తర్వాత డీఎఫ్‌ఎంఓ. అందరికీ పేరుపేరునా ధన్యవాదాలు.

మధు_కల్చర్

ప్లేట్లు చూశాను. అమినోగ్వానిడిన్ ఉన్న బావుల్లో కణాలు చక్కగా అతుక్కుని ఉన్నాయి. ట్రైహైడ్రోక్లోరైడ్‌కి కూడా మారాను. ఇప్పుడు గైడ్ గారు కణం లోపల స్పెర్మిడిన్ నిజంగా పెరిగిందో లేదో కొలిచి చూపించమంటున్నారు. మా దగ్గర మాస్ స్పెక్ లేదు, హెచ్‌పీఎల్‌సీ, ఫ్లోరసెన్స్ డిటెక్టర్ ఉన్నాయి. సరిపోతాయా?

కణశాల

చక్కగా సరిపోతాయి. పాలీఅమైన్లు వాటంతటవి వెలగవు కాబట్టి వాటిని వెలిగించే డాన్సిల్ క్లోరైడ్ తగిలించాలి. కణాలని చల్లటి ఫాస్ఫేట్ బఫర్‌తో బాగా కడగండి, లేకపోతే మీడియంలో మిగిలిన స్పెర్మిడిన్నే కణం లోపలిదనుకుంటారు. పర్‌క్లోరిక్ ఆమ్లంతో ప్రొటీన్లని దించేసి, పైనున్న ద్రవం తీసుకోండి. సంతృప్త సోడియం కార్బొనేట్‌తో క్షారం చేసి, అసిటోన్‌లో కలిపిన డాన్సిల్ క్లోరైడ్ వేసి చీకట్లో ఉంచండి. మిగిలిపోయిన డాన్సిల్‌ని ప్రోలిన్‌తో ఖర్చు చేయించి, టోలుయిన్‌లోకి లాగి, ఆరబెట్టి, సీ18 కాలమ్ మీద నడపండి. మూడూ విడివిడిగా వస్తాయి. చివరి మైక్రోలీటరు లెక్కకొచ్చే చోట గాజు గొట్టాలు వాడకండి, పాలీఅమైన్లు గాజుకి అంటుకుంటాయి.

ఇంటర్నల్ స్టాండర్డ్‌గా 1,7-డయామినోహెప్టేన్ వాడండి, అది మన కణాల్లో ఉండదు. దాన్ని డాన్సిల్ దశలో కాదు, పర్‌క్లోరిక్ ఆమ్లంతో పాటే మొదట్లోనే వేయాలి. అప్పుడే మధ్యలో ఎంత పోయిందో లెక్క తేలుతుంది.